రెండు వందల ఏడు మెట్లు

ఆగస్టు 9, శనివారం

నిన్న అనురాధక్క ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. బెంటన్‌విల్‌లో మాకు తెలిసిన ఆడవాళ్లందరూ పట్టుచీరల్లో వచ్చారు. పూజారి గారు న్యూజెర్సీ నుంచి జూమ్‌లో చేయించారు. ఒక్కొక్కరినీ పిలిచి పేరూ గోత్రమూ అడిగి సంకల్పం చెప్పించారు. అద్దం తలుపు అవతల నుంచి నాకు అంతా వినిపించింది. నేను బయట ఉన్నానని అక్కకు ముందే ఫోన్ చేసి చెప్పి, వెళ్లి వెనక ప్యాటియోలో కూర్చున్నాను.

ఆర్కన్సా ఎండ మామూలుది కాదు. కుర్తా వీపుకు అంటుకుపోయింది. అయినా ఫర్వాలేదు. పూజ అయ్యాక అక్క తనే ప్లేటులో పులిహోర, బూరెలు పెట్టుకొచ్చి, లోపలున్న అందరికీ వినపడేలా అంది: "చూడండి, ఎవరూ అడక్కుండానే చెప్పింది. మల్లి లాంటి పద్ధతైన పిల్ల ఈ రోజుల్లో ఎక్కడుంది?"

ఆ మాటకు సంతోషించాను. ఈ ఊళ్లో నాకున్నది ఆ ఇల్లొక్కటే. మొదటి చలికాలం అక్క తన కోటు నాకిచ్చింది. డ్రైవింగ్ టెస్టుకు మూడుసార్లు తన కారులో తీసుకెళ్లింది. నాగమల్లేశ్వరి అనే నా పేరును ఆఫీసులో 'నాగా' అని కత్తిరిస్తే, 'మల్లి' అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే.

భోజనాలయ్యాక శేషగిరి గారు జపాన్ మాట ఎత్తారు. శేషగిరి గారు అక్క భర్త, ఆఫీసులో మా మేనేజర్ కూడా. నిక్కో అనే ఊరట. కొండల్లో దేవదారు చెట్ల మధ్య నాలుగు వందల ఏళ్ల నాటి గుళ్లు. అక్టోబర్ చివర ఆకులు ఎర్రబడే రోజుల్లో వెళ్దామన్నారు. వాళ్లిద్దరూ, వాళ్ల పిల్లలు నైనిక, రుత్విక్, పక్క వీధి దంపతులు స్పందన, అవినాష్, నేను. మొత్తం ఏడుగురం.

"ప్లానింగ్ అంతా మల్లి చూసుకుంటుంది," అంది అక్క.

చూసుకుంటానన్నాను. నా కాంట్రాక్ట్ డిసెంబర్‌తో అయిపోతుంది. పొడిగించమని రాయాల్సింది శేషగిరి గారు. పొడిగించకపోతే నా వీసా సంగతి నాకు తెలుసు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

వీసా కాగితాలు ఏడుగురివీ నేనే అప్‌లోడ్ చేశాను. టోక్యోలో హోటల్, నిక్కోలో సత్రం లాంటి పాత లాడ్జి, రైళ్లు, గుడి టికెట్లు అన్నీ బుక్ అయ్యాయి. పన్నెండు పేజీల ప్లాన్ డాక్యుమెంట్ రాసి గ్రూపులో పెట్టాను. ఏ గుడి ఎవరిది, ఏ పూట ఎక్కడ జనం తక్కువ, శాకాహారం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ముఖ్యమైన గుడి ఒక పాతకాలపు పాలకుడిది. చనిపోయాక ఆయన్ను దేవుణ్ణి చేశారు. గుడి వెనక రెండు వందల ఏడు రాతి మెట్లు ఎక్కితే పైన ఆయన సమాధి ఉంటుంది. నాకు అన్నిటికంటే ఆ మెట్లు ఎక్కాలని ఉంది. ఎందుకో చెప్పలేను. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. పుస్తకంలో చదివిన చోటుకు కాళ్లతో వెళ్లి నిలబడటం నాకు ఇప్పటికీ చిన్న విషయంలా అనిపించదు.

ఫోన్‌లో జపనీసు కూడా నేర్చుకుంటున్నాను. అవినాష్ నన్ను 'ట్రావెల్ ఏజెంట్ మేడమ్' అంటున్నాడు. సరదాకే అంటాడు.

సెప్టెంబర్ 15

ఆ డాక్యుమెంట్ ఎవరెవరు తెరిచారో అందులోనే కనిపిస్తుంది. నేనొక్కదాన్నే తెరిచాను.

అక్టోబర్ 12, ఆదివారం

మధ్యాహ్నం అక్క నన్నూ స్పందననూ వంటింట్లోకి పిలిచింది. డ్రాయర్‌లోంచి ఇండియా నుంచి తెచ్చుకున్న టాబ్లెట్ల షీటు తీసింది. పెళ్లిళ్లకీ తిరుపతికీ వేసుకునేవే, డేటు వెనక్కి జరగడానికి.

"స్పందనా, నీకు ఎప్పుడు?" అని అడిగి, తను చెప్పేలోపే నా వైపు తిరిగింది. "నీది నాకు తెలుసులే మల్లీ. వ్రతం రోజు కదా. ఆగస్టు ఎనిమిది, సెప్టెంబర్ ఐదు, అక్టోబర్ మూడు. మళ్లీ కచ్చితంగా ముప్పై ఒకటి. మనం నిక్కోలో ఉండే రోజే."

వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది.

అది జపాన్ గుడి అన్నాను. గుడి గుడే అంది. వాళ్లకు అలాంటి పట్టింపు లేదేమో అన్నాను. ఫోన్ తీసి చూపించింది. పూర్వం వాళ్లలోనూ ఉండేదట. "చూశావా? పెద్దవాళ్లు ఎక్కడైనా ఒకేలా ఆలోచిస్తారు."

స్పందన షీటులో తనవి చింపుకుని బ్యాగులో వేసుకుంది. నేను తీసుకోలేదు. డాక్టర్‌ని అడగకుండా వేసుకోను అన్నాను. ఆ మాట నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. అక్క వేసిన లెక్క తప్పు. ఎందుకు తప్పో నాకు తెలుసు. నోరు విప్పి చెప్పే మాట కాదు అది.

ఒళ్లు మండిపోతోంది. నా నెల లెక్క ఇంకొకరి వేళ్ల మీద ఉండటమేమిటి?

అక్టోబర్ 13

మా అమ్మ గుంటూరులో మిరపకాయల తొడాలు తీసే పనికి వెళ్లేది. ఆ మూడు రోజులూ వెళ్లేది. మా వాడలో మూల కూర్చున్న ఆడమనిషిని నేను చూడలేదు. ఈ 'బయట ఉండటం' అనే మాట నేను ఇంజనీరింగ్ హాస్టల్లో రూమ్మేట్ల దగ్గర విన్నాను. మంచి కుటుంబాల ఆడపిల్లలు ఎలా మాట్లాడతారో అలా మాట్లాడటం నేర్చుకున్నాను. చదువుతోపాటే వచ్చింది.

అక్టోబర్ 29, బుధవారం. టోక్యో

వచ్చాం. రైలు ఏ ప్లాట్‌ఫామ్ మీదకు వస్తుందని అందరూ నన్నే అడుగుతున్నారు. బానే ఉంది.

అక్టోబర్ 31, శుక్రవారం. నిక్కో

వరసగా రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

పొద్దున వాన పడి వెలిసింది. గుడి ముందు పెద్ద రాతి ద్వారం. రెండు స్తంభాలూ పైన అడ్డకమ్మీ. అక్కడ అక్క నన్ను పక్కకు పిలిచింది.

"వచ్చిందా?"

"లేదక్కా."

"టాబ్లెట్ వేసుకున్నావా?"

"లేదు."

"మరి ఇవాళే కదా నీ డేటు? మెట్ల మధ్యలో వస్తే ఏం చేస్తాం? రిస్క్ ఎందుకు చెప్పు. నువ్వు పద్ధతి తెలిసినదానివి, నీకు వేరే చెప్పాలా."

అవినాష్ వినేశాడు. "రిస్క్ మిటిగేషన్ అన్నమాట," అని ఆఫీసు మాట వాడి నవ్వాడు. శేషగిరి గారు కెమెరా పైకెత్తి ఆకుల ఫొటో తీసుకుంటున్నారు. చాలాసేపు తీశారు. స్పందన మాత్రం వాళ్లు కదిలాక ఒక్క నిమిషం వెనకబడి నా చెవిలో అంది: "గంత నిజం ఎందుకు చెప్పినవే? ఏస్కున్న అంటే అయిపోతుండె కదా."

నాకు రాలేదు. వచ్చే సూచన కూడా లేదు. వస్తుందేమోనని నన్ను కూర్చోమన్నారు. రాని దానికి! ఈ ఊరికి రైలు ఎక్కడ మారాలో కూడా తెలియని మనుషులు, నేను బుక్ చేసిన టికెట్లు పట్టుకుని లోపలికి వెళ్లారు. నా కాళ్ల దగ్గర వాళ్ల జాకెట్లు, బ్యాగులు.

నేను కూర్చున్నాను. మింగుడుపడనిది అదే. ఎవరూ చెయ్యి పట్టి కూర్చోబెట్టలేదు.

రాసేస్తాను. ఆగస్టులో కూడా నాకు రాలేదు. వ్రతం రోజు పూజారి గోత్రం అడుగుతాడని ముందురోజు స్పందన మాటల్లో తెలిసింది. మా ఇంట్లో గోత్రం అనే మాట ఎత్తగా నేను వినలేదు. ఇరవై మంది ముందు 'తెలీదు' అనాల్సి వస్తుందని భయపడి, తలుపు అవతల కూర్చునే సాకు చెప్పాను. ఆ సాకుకు మెచ్చుకోలు కూడా దొరికింది. ఇవాళ అక్క వేసిన లెక్కకు మొదటి అంకె నేనిచ్చిందే.

నైనిక కడుపులో బాలేదని లోపలికి వెళ్లలేదు. మెట్లెక్కలేనంది. సరే, మల్లి అక్క దగ్గర ఉండు అని నా దగ్గర వదిలి వెళ్లారు. పదకొండేళ్ల పిల్ల, ఇక్కడే పుట్టింది. ఇక్కడ అంటే అమెరికాలో. బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"అక్కా, నువ్వు ఎందుకు వెళ్లలేదు?"

కాలు నొప్పి అన్నాను.

"నో. అమ్మ చెప్పింది నాకు. యూ హ్యావ్ యువర్ పీరియడ్."

"లేదు."

"దెన్ వై?"

వాళ్ల జాకెట్లు మడతపెట్టడం మొదలుపెట్టాను. కాసేపు పోయాక తను బాత్రూమ్‌కి వెళ్లొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. కూర్చోలేదు, నిలబడే అంది: "అక్కా, ఐ థింక్ నాకు వచ్చింది."

నేను ఎదురుగా టికెట్ల గది గడియారం వైపు చూశాను. ఎందుకు చూశానో తెలీదు. బహుశా పిల్ల మొహం చూడలేక. నా బ్యాగులోంచి ప్యాడ్ తీసిచ్చి ఎలా పెట్టుకోవాలో చెప్పి, తలుపు బయట నిలబడ్డాను. బయటికొచ్చి అమ్మకి చెప్పొద్దంది. "షి విల్ కాల్ అమ్మమ్మ. దెన్ ఎవ్రీబడీ." మీ అమ్మకు నువ్వే చెప్పాలి, నేను చెప్పను అన్నాను. తలూపింది. తర్వాత అడిగింది:

"సో, ఇప్పుడు నేను కూడా ఇక్కడే కూర్చోవాలా?"

ఏడుస్తూ అడగలేదు. ఆటలో రూల్ ఏమిటో కనుక్కుని పాటిద్దామన్నట్టు అడిగింది. నేను ఊఁ అంటే కూర్చునేది. ఇవాళే కాదు, ఎప్పటికీ కూర్చునేది.

"కడుపు ఎలా ఉంది? ఎక్కగలవా?" అన్నాను.

"నౌ ఇట్స్ ఓకే. కానీ అలౌడ్ ఆ?"

"పద."

జాకెట్లు, బ్యాగులు బెంచీ మీదే వదిలేశాం. ద్వారం దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన టికెట్లు చూస్తున్నాడు. మిగిలిన మా రెండు టికెట్లు ఇచ్చి, నేను నేర్చుకున్న జపనీసులో 'ఇద్దరం' అన్నాను. ఆయన తల వంచి టికెట్లు చింపి, రాళ్లు తడిగా ఉన్నాయి జాగ్రత్త అని చేత్తో చూపించాడు. ఇంకేమీ అడగలేదు.

గుడి వెనక మెట్లు. నైనిక ఇంగ్లీషులో లెక్కపెడుతూ ఎక్కింది. నూట ఇరవై దాటాక పైనుంచి మనవాళ్లు దిగుతూ ఎదురయ్యారు. ముందు అక్క.

"మల్లీ? నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదక్కా. వచ్చాను."

"నేను అంత చెప్పింది దేనికి మరి?"

మెట్లు ఇరుకు. మా వెనకా వాళ్ల వెనకా జనం ఆగిపోయారు. అందరూ ఓపిగ్గా నిలబడ్డారు. అది ఇంకా ఇబ్బందిగా ఉంది. శేషగిరి గారు, "అనూ, కిందికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నారు. అక్క కదల్లేదు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు.

"పైన మీరు చూసొచ్చింది సమాధి అక్కా. డాక్యుమెంట్‌లో రాశాను. పద్ధతి ప్రకారం అయితే మీరందరూ తలస్నానం చేయాలి."

అవినాష్ ఫక్కున నవ్వి ఆపుకున్నాడు. అక్క మొహం ఎర్రబడింది. "మహానుభావుల సమాధికి మైల ఉండదు," అంది. ఆ మహానుభావుడి పేరు అడిగితే చెప్పలేకపోయేది. నేను అడగలేదు. నైనిక చెయ్యి పట్టుకుని పక్కనుంచి పైకి ఎక్కాను.

పైన పెద్దగా ఏమీ లేదు. రాతి కంచె లోపల కంచుతో చేసిన చిన్న గోపురం. పొగమంచు. నైనిక నడుము మీద చేతులు పెట్టుకుని చూసి, "దట్స్ ఇట్?" అంది. ఇద్దరం నవ్వాం.

నవంబర్ 1, శనివారం. రైల్లో

నిన్న సాయంత్రం లాడ్జిలో నైనిక తనే వాళ్లమ్మకు చెప్పింది. గదుల మధ్య కాగితం తలుపులు, అన్నీ వినిపిస్తాయి. ముందు అక్క ఏడ్చింది. బంగారు తల్లీ అని దాన్ని దగ్గరికి తీసుకుంది. అది విని నా కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. తర్వాత విజయవాడకు ఫోన్. అమ్మమ్మ గారు స్పీకర్‌లో అడిగారు: ఏ టైముకు, ఏ నక్షత్రం, ఏ రంగు బట్టలు, ముందు చూసిందెవరు.

చివరి ప్రశ్నకు గుసగుసగా నైనిక నా పేరు చెప్పినట్టుంది.

అక్క తలుపు తోసుకుని వచ్చింది. "నా కూతురు. మొదటిసారి. నాకు మాట చెప్పకుండా దాన్ని గుడిలోకి తీసుకెళ్తావా?"

మొదటి రెండు మాటలకు నా దగ్గర జవాబు లేదు. అవి న్యాయమైనవే. తల్లికి తెలియాలి. మూడోదానికి జవాబుంది. అప్పుడు నోటికి రాలేదు, ఇప్పుడు రైల్లో వస్తోంది. తీసుకెళ్లాను. మళ్లీ అయినా తీసుకెళ్తాను.

ఇప్పుడు ఎదురు సీట్లలో అందరూ ఉన్నారు. ఎవరూ నాతో మాట్లాడటం లేదు. రైలు ఎక్కడ మారాలో మాత్రం రుత్విక్‌తో అడిగించారు.

నవంబర్ 4, మంగళవారం. బెంటన్‌విల్

స్పందన మెసేజ్: విజయవాడ పంతులుగారు నిక్కో అక్షాంశం, రేఖాంశం అడుగుతున్నారు, పంపవా, అక్కకు కావాలట.

పన్నెండు పేజీల డాక్యుమెంట్‌లో రెండో పేజీలో మ్యాప్ ఉంది. ఇప్పుడైనా తెరవొచ్చు కదా. పంపలేదు. రోజంతా కోపంగా ఉండి సాయంత్రం నాలుగింటికి పంపాను.

ఆఫీసులో శేషగిరి గారు మామూలుగానే ఉన్నారు. అంటే నా వైపు చూడలేదు. మామూలుగా కూడా ఎక్కువ చూడరు.

నవంబర్ 8, శనివారం

పొద్దున పదకొండింటికి అక్క వచ్చింది. నా అపార్ట్‌మెంట్‌కు ఆవిడ రావడం ఇదే మొదటిసారి. ఎప్పుడూ నేనే వెళ్తాను. టీ పెట్టాను. ఒక గుక్క తాగి బాగుందంది. అల్లం వేశావా అంది.

హాలు బుక్ చేశారట. డిసెంబర్ పదమూడున నైనికకు ఓణీల ఫంక్షన్. రెండు వందల మంది. ఓణీ విజయవాడ నుంచి వస్తోంది. కానీ పంతులుగారు ఒక్క విషయం తేల్చమంటున్నారు. గుడికి వెళ్లకముందా, వచ్చాకా? ముందైతే దోషం, శాంతి చేయించాలి, అమ్మమ్మ గారు అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. టైము అడిగితే నైనిక గుర్తులేదంటోంది.

"నువ్వు ఒక్క మాట చెప్పు చాలు. మెట్లు దిగాక అయిందని, ఒక టైము చెప్పేయ్. ఇక నేనూ మర్చిపోతాను, నువ్వూ మర్చిపో. నీ మీద నాకు కోపం ఎందుకుంటుంది? ఇంట్లో పిల్లలా చూసుకున్నాను."

అది నిజం. చూసుకుంది. గొంతు మెత్తగానే ఉంది. తర్వాత కప్పు తిప్పుతూ అంది: "నీ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది కదా. ఈయన నిన్ననే ఆ లిస్టు చూస్తున్నారు. ఇంట్లో ప్రశాంతంగా ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయి."

ఒక్క అబద్ధం. అలాంటిది నాకు కొత్త కాదు. ఆగస్టులో ఫోన్‌లో నిమిషంలో చెప్పేశాను. ఇవాళ కూడా నాలుక చివర దాకా వచ్చింది. దిగాక అక్కా, రెండున్నరకి. అంతే కదా.

"దిగాక కాదక్కా. ఎక్కకముందే," అన్నాను. "ఇద్దరికీ తెలిసే ఎక్కాం."

ఆవిడ కప్పు తిప్పడం ఆపింది.

"టైము నైనికది. చెప్పాలనుకుంటే అదే చెప్తుంది. నేను చెప్పను."

"ఇంత పొగరు ఎక్కణ్ణుంచి వచ్చిందే నీకు? ఆ రోజు మా ఇంట్లో వ్రతానికి నువ్వే కదా..."

"ఆ రోజు నేను బయట లేనక్కా. అబద్ధం చెప్పాను. పూజారి గోత్రం అడుగుతాడని భయపడ్డాను."

నన్ను చాలాసేపు చూసింది. నిక్కో మెట్ల మీద కూడా అలా చూడలేదు. కోపం పోయింది మొహంలో. దాని బదులు వచ్చింది ఏమిటో నాకు ముందు అర్థం కాలేదు.

"అయితే మీ గోత్రం ఏంటి?" అంది.

అన్నీ వదిలి అది అడిగింది. అబద్ధమెందుకు ఆడావని అడగలేదు. ఆ ఎండలో మూడు గంటలు ఊరికే కూర్చున్నావా అని అడగలేదు.

"తెలీదు. మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఉందో లేదో కూడా తెలీదు."

"అయ్యో, దానిదేముంది. ఈ రోజుల్లో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారు," అని కప్పు కింద పెట్టింది. ఒక గుక్క తప్ప తాగలేదు. రుత్విక్‌కి స్విమ్మింగ్ క్లాసుందని లేచింది. గుమ్మం దగ్గర ఎప్పుడూ 'భోజనానికి రావే' అనే మనిషి, ఇవాళ "జాగ్రత్తమ్మా" అంది.

మల్లీ అనలేదు, అమ్మా అంది. ఏమీ జరగలేదని నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకోను.

నవంబర్ 10

గ్రూపులో మెసేజ్‌లు రావడం లేదు. కొత్త గ్రూపు పెట్టుకున్నారని స్పందన చెప్పింది. "నీకేమన్న కావాల్నంటే నాకు ఫోన్ చెయ్యి," అంది. అక్కకు తెలియకుండా అన్న మాట అనలేదు కానీ అర్థమైంది.

నవంబర్ 24, సోమవారం

ఎక్స్‌టెన్షన్ వచ్చింది. టీములో నలుగురికి ఏడాది. నాకు మూడు నెలలు. శేషగిరి గారు మీటింగ్‌లో బడ్జెట్ అన్నారు, నా వైపు చూసి మరీ అన్నారు. ఆకుల ఫొటో తీసుకున్నంత శ్రద్ధగా చూశారు. నా పని గురించి ఒక్క మాట చెడుగా చెప్పమనండి. చెప్పలేరు. నేను రాసిన కోడ్ మీదే కంపెనీ పండగ సేల్ అంతా నడుస్తోంది.

మూడు నెలలు. వేరే రాష్ట్రాల్లో, క్యారీలో ఒక కంపెనీకి, షామ్‌బర్గ్‌లో ఇంకోదానికి ఇవాళే అప్లై చేశాను.

సాయంత్రం నైనిక నుంచి మెసేజ్. హాలు క్యాన్సిల్ అయింది. పంతులుగారు టైము లేకుండా ముహూర్తం పెట్టనన్నారట. అమ్మ ఈజ్ మ్యాడ్, ఐ యామ్ ఓకే అని రాసింది. కింద ఇంకో వాక్యం: ఐ టోల్డ్ దెమ్ నాకు గుర్తులేదు. నిన్ను మళ్లీ అడిగితే నువ్వు ఏం చెప్తావు?

నాకూ గుర్తులేదని చెప్తాను అని జవాబు పెట్టాను.

గుర్తుంది. నిమిషంతో సహా గుర్తుంది. ఇక్కడ కూడా రాయను.